తాళాల గుత్తి చేతికొచ్చాక: ఒక హెడ్ మేడమ్ రాసుకున్న కేస్ స్టడీ

చార్జి తీసుకున్న రోజు నా చేతిలో పెట్టింది 11 తాళంచెవులున్న గుత్తి. అందులో మూడు దేనివో వెళ్లిపోతున్న హెడ్ సార్‌కే తెలియదు. "ఉంచండి మేడమ్, ఎప్పుడైనా పనికొస్తాయి" అని నవ్వేసి ఆటో ఎక్కేశారు. ఆ తర్వాత హెడ్‌గా నేను చేసిన మొదటి పని బియ్యం తూయించడం. రిజిస్టర్‌లో ఏడు బస్తాలు, గదిలో కూడా ఏడు బస్తాలే, కానీ గోడవైపున్న బస్తాకి అడుగున ఎలకలు కొట్టిన కన్నం, లేపితే సగం బరువు లేదు. అప్పటికే సంతకం పెట్టేశాను. 19 ఏళ్ల సర్వీసులో హాజరుకీ మార్కులకీ తప్ప దేనికీ లెక్క చెప్పని మనిషిని, ఆ సాయంత్రం వంట చేసే అత్తతో కలిసి నేల మీది బియ్యం చేటలోకి ఎత్తుకుంటూ, ఈ తేడా ఎవరి ఖాతాలో రాయాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఇది 2022 జూన్ మాట. ఊరు గజపతి జిల్లాలో, వంశధార పక్క. నది దాటితే ఆంధ్ర, ఇటు ఒడిశా, సంతలో మాత్రం రెండు వైపులా ఒకే బేరం. స్కూలు ఒకటి నుంచి ఎనిమిది దాకా, మీడియం ఒడియా. పిల్లల్లో సగానికి పైగా ఇంట్లో తెలుగు, కొండవార ఊళ్ల నుంచి వచ్చేవాళ్లది సవర అనే గిరిజన భాష, మిగతావాళ్లది ఒడియా. ఆ స్కూల్లో 3వ తరగతి పిల్లల చదవడం గురించి నేను పెట్టుకున్న పనీ, అది మొదట్లో ఎలా బెడిసికొట్టిందీ, తర్వాత ఏం మార్చాం, ఎవరికి అందింది, ఎవరికి అందలేదు, ఇదే కేసు. పేర్లు రాయడం లేదు, అందరూ ఇంకా అక్కడే ఉన్నారు, నేనూ ఉన్నాను.

స్కూలూ మనుషులూ

1 నుంచి 5 దాకా 94 మంది, 6 నుంచి 8 దాకా 61 మంది, మొత్తం 155. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రైమరీలో 91 నుంచి 120 మంది దాకా ఉంటే నలుగురు టీచర్లు, పై తరగతుల్లో కనీసం తరగతికి ఒకరు, అంటే మాకు ఏడుగురు రావాలి. ఉన్నది నాతో కలిపి ఆరుగురు. పాఠాలతో పని లేకుండా హెడ్ పని మాత్రమే చూసే మనిషి కావాలంటే పై తరగతుల్లో 100 దాటాలి, లేదా ప్రైమరీలో 150 దాటాలి. మాకు రెండూ లేవు. కాబట్టి హెడ్ కూడా పీరియడ్లు తీసుకోవాల్సిందే, అదే సమయంలో ఆఫీసు పనీ చూడాల్సిందే. ఇందులో అన్యాయం ఉందని ఏడవడం లేదు, చిన్న స్కూళ్లన్నీ ఇలాగే నడుస్తున్నాయి. కానీ కాగితం మీద ఒక మనిషిగా కనబడే హెడ్ నిజానికి అరమనిషి అన్న సంగతి ముందే తెలిసుంటే నేను మొదటి ఏడాది ప్లాన్ అలా వేసేదాన్ని కాదు.

రోజు ఎలా ఉంటుందో చెప్తాను. పది గంటలకి ప్రార్థన. ఆ లోపే హాజరు చూసి బియ్యం కొలిచివ్వాలి, చిన్న తరగతులకి తలకి 100 గ్రాములు, 6 నుంచి 8కి 150. ఆ రోజు చిన్నవాళ్లు 80, పెద్దవాళ్లు 50 వస్తే 8 కిలోలూ, ఏడున్నర కిలోలూ, మొత్తం పదిహేనున్నర. ఎండీఎం, అంటే మధ్యాహ్న భోజనం, పేరు మారి పీఎం పోషణ్ అయింది గానీ మా వంట అత్తలు ముగ్గురూ ఇంకా "ఎండిఎమ్మే" అంటారు. గుడ్డు రోజైతే ఇంకో లెక్క, హాజరు కంటే గుడ్లు తక్కువొస్తే పిల్లలకి తెలిసిపోతుంది, గుడ్డు రోజు వాళ్ల లెక్క నా లెక్క కంటే గట్టిగా ఉంటుంది. పదకొండు లోపు ఫోన్ మోగడం మొదలు. బ్లాక్ ఆఫీసు వాట్సాప్ గ్రూపులో "తక్షణం పంపగలరు" అని ఒక ఎక్సెల్. ఆధార్ ఎంతమందికి ఉంది, బ్యాంకు ఖాతా ఎంతమందికి ఉంది, యూడైస్‌లో, అంటే బళ్ల వివరాలు ఎక్కించే ఆన్‌లైన్ లెక్కలో, తప్పులు దిద్దారా లేదా. నిన్న పంపిందే ఇవాళ ఇంకో గడిలో మళ్లీ అడుగుతారు. దీని మీద ఎంతైనా తిట్టుకోవచ్చు, తిట్టుకున్నాను కూడా, వదిలేద్దాం.

ఇక స్టాఫ్. ఇద్దరి గురించి చెప్తే చాలు. 3వ తరగతి క్లాస్ టీచర్, ఉద్యోగంలో చేరి మూడేళ్లయిన అమ్మాయి, పిల్లలు "సాన దీదీ" అంటారు, అంటే చిన్న దీదీ. ఒడియా ఇంటి పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడితే తడబడుతుంది. రెండో ఆయన మా పెద్ద మాస్టారు. వయసులో నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద, కానీ రెగ్యులర్ అయిన తేదీ నా తర్వాత, అందుకే కుర్చీ నాకొచ్చింది. ఆయనది మా అమ్మ పుట్టిన ఊరు. చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే క్లస్టర్ మీటింగుల్లో పదేళ్లుగా నేను "అన్నయ్యా" అనేదాన్ని, ఆయన "ఏటమ్మాయ్, టిఫిన్ అయిందా" అనేవారు. నేను చార్జి తీసుకున్న మర్నాడు సీఎల్ (క్యాజువల్ లీవు) లెటర్ తెచ్చి బల్ల మీద పెట్టి, "మేడమ్ గారూ, దయచేసి మంజూరు చెయ్యగలరు" అన్నారు. అందులో గౌరవం లేదని మా ఇద్దరికీ తెలుసు. సంతకం పెట్టాను. అన్నయ్యా అనాలో, మాస్టారూ అనాలో తేలక, ఆ తర్వాత చాలా నెలలు ఆయన్ని ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చాను.

3వ తరగతి

జూలై మొదటి వారంలో పిల్లల్ని ఒక్కొక్కరినీ వరండాలోకి పిలిచి చదివించాను. పల్లె పిల్లల చదువు మీద జరిగే ఏసర్ సర్వేలో వాడే పద్ధతే: అక్షరాలు, చిన్న మాటలు, ఒక పేరా, ఒక చిన్న కథ, ఎక్కడ ఆగిపోతే అది ఆ పిల్ల మెట్టు. 27 మంది. తొమ్మిది మందికి అక్షరాలే పూర్తిగా రావు. 11 మంది అక్షరాల దగ్గర, నలుగురు మాటల దగ్గర ఆగారు. ఇద్దరు పేరా చదివారు. కథ చదివింది ఒక్కతే, ఆ పిల్ల వాళ్ల నాన్న కిరాణా కొట్లో బీడీ కట్టల మీదా బిస్కెట్ ప్యాకెట్ల మీదా చదవడం నేర్చుకుంది, ఆ ఘనత మాది కాదు.

కారణం కోసం దూరం వెళ్లక్కర్లేదు. ఈ పిల్లలు 1వ తరగతిలో ఉండాల్సినప్పుడు బడులు కరోనాతో మూతపడి ఉన్నాయి, 2వ తరగతీ చాలావరకు అలాగే పోయింది. హాజరు పట్టీలో 3వ తరగతి, బడిలో కూర్చున్న నెలలు లెక్కేస్తే ఒకటి కూడా పూర్తి కాలేదు. కానీ అది ఒడియా ఇళ్ల పిల్లలకీ వర్తిస్తుంది, వాళ్లు కొంచెం తొందరగా తేరుకుంటున్నారు. తెలుగు గుంటలు (మా పక్క పిల్లల్ని ఇలాగే అంటాం) ఎక్కడ ఇరుక్కుంటున్నారో చూద్దామని సాన దీదీ క్లాసు బయట కిటికీ పక్క నిలబడ్డాను.

బోర్డు మీద తామర పువ్వు బొమ్మ, కింద మూడు ఒడియా అక్షరాలు. ఒక పిల్లాడు లేచి వేలు పెట్టి "క, మ, ళ, కమళ" అన్నాడు. దీదీ "ఉఁహూఁ, కొమొళొ" అంది. వాడు మళ్లీ "కమళ". మళ్లీ "కొమొళొ". మూడోసారి వాడు నోరు మూసుకుని కూర్చున్నాడు. వాడు తప్పు చదవలేదు. అక్షరాన్ని అక్షరంగానే చదివాడు. మనకి హల్లు లోపల దాక్కుని ఉండేది అ, ఒడియాలో అదే చోట ఒ లాంటి ధ్వని పలుకుతుంది. ఒడియా ఇంటి పిల్లకి ఇది చెప్పక్కర్లేదు, పుట్టినప్పటి నుంచీ వింటోంది. తెలుగు పిల్లాడికి ఎవరో ఒకరు ఒక్కసారి చెప్పాలి, ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే అది చెప్పాల్సిన విషయమని చెప్పేవాళ్లకి తెలియదు. నాకూ తెలిసేది కాదేమో, మా జిల్లా కేంద్రం పర్లాకిమిడిలో ఒడియా మీడియంలో చదివిన తెలుగు పిల్లని కాబట్టి ఆ దెబ్బలు నేను తిన్నవే.

ఇంకోటి, ఇది కొంచెం నవ్వొచ్చేది. బెల్ కొట్టాక దీదీ పిల్లల్ని బయటకి తీసుకెళ్లడానికి "చాలొ" అంది, పదండి అని. ముందు బెంచీలో సగం మంది లేచారు, వెనక కూర్చున్న మన గుంటలు పలకలు బల్ల మీద పెట్టేసి చేతులు కట్టుకుని కూర్చున్నారు, చాలు అంది కదా అని. దీదీ వాళ్లని మాట వినని పిల్లలు అనుకుంటోంది.

నేనే చెప్పేస్తే పోలా

ఇక్కడే నా తప్పు మొదలు. జబ్బేంటో పట్టుకున్నాను, మందు నా దగ్గరే ఉంది, 19 ఏళ్లుగా చిన్న పిల్లలకి చదవడం నేర్పిన చెయ్యి నాది. సాన దీదీని పిలిచి, రోజూ మొదటి రెండు పీరియడ్లు 3వ తరగతి నేను తీసుకుంటాను, ఆ టైములో నువ్వు ఈ డేటా ఎక్కించు, అని చెప్పేశాను. ఆమె "సరే మేడమ్" అంది. మొహం చూడలేదు నేను. చూసుంటే తెలిసేది.

నిజం చెప్పాలంటే ఆ రెండు పీరియడ్ల కోసమే పొద్దున్న లేచేదాన్ని. ఆఫీసు గదిలో నాకేమీ రాదు, క్యాష్ బుక్‌లో ఓపెనింగ్ బ్యాలెన్స్ ఎక్కడ రాయాలో కూడా ఇంకొకర్ని అడగాలి. తరగతిలో నాకన్నీ వచ్చు. పిల్లలు నవ్వుతారు, వింటారు, సాయంత్రం గేటు దగ్గర చెయ్యి పట్టుకుని ఊగుతారు. పిల్లల కోసం తీసుకున్నాను అని అందరికీ చెప్పాను, సగం నా కోసం తీసుకున్నాను.

డిసెంబర్‌లో డైరీ తిరగేశాను. జూలై నుంచి నేను తీసుకుంటానన్న పీరియడ్లలో సగం కూడా తీసుకోలేదు. హెడ్‌ల మీటింగు, ఆడిట్, బియ్యం లారీ వచ్చిందని ఫోన్, బోరింగు పాడైందని మెకానిక్, ఎవరికో జ్వరం, ఎవరి నాన్నకో టీసీ కావాలి ఇప్పుడే బస్సు ఉంది అని. నేను లేచి వెళ్లిన ప్రతిసారీ తరగతి గాలికి. దీదీ డేటాలో ఉంటుంది, మేడమ్ వస్తారులే అనుకుంటుంది. పిల్లల్ని మళ్లీ వరండాలో చదివించాను: తొమ్మిది మంది ఆరుగురయ్యారు, అక్షరాల దగ్గర 12, మాటల దగ్గర ఐదుగురు, పేరా ముగ్గురు, కథ అదే ఒక్కతి. ఆరు నెలలకి ఇంతే. ఏ టీచరైనా ఈ అంకెలు నా ముందు పెట్టుంటే గట్టిగానే అడిగేదాన్ని.

అంకెల కంటే ఎక్కువ తగిలింది ఇంకోటి. ఒకరోజు బ్లాక్ ఆఫీసు నుంచి మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి 3వ తరగతిలో ఒకటే గోల. సాన దీదీ పుస్తకం తీయండి అంటోంది. రెండో బెంచీ పిల్లాడు, అమాయకంగానే, "బొడొ దీదీ రాలేదు కదా, ఇవాళ చదువు లేదు" అన్నాడు. బొడొ దీదీ అంటే నేను, పెద్ద దీదీ. ఆమె పుస్తకం మూసేసి కిటికీ వైపు తిరిగింది. నేను గుమ్మంలో ఉన్నానని ఇద్దరికీ తెలియదు. వెనక్కి వచ్చేసి ఆఫీసు గదిలో కూర్చున్నాను. ఒక టీచరుని ఆమె తరగతిలోనే పరాయిదాన్ని చేశాను, అది కూడా మంచి చేస్తున్నాననుకుంటూ.

జనవరి నుంచి

సంక్రాంతి సెలవు అయిన మర్నాడు సాన దీదీకి తరగతి తిరిగి ఇచ్చేశాను. గదిలో చెప్తే సరిపోదనిపించి స్టాఫ్ అందరి ముందూ చెప్పాను, నీ క్లాసు లాక్కోవడం నా పొరపాటు అని. చెప్తుంటే గొంతు కొంచెం పట్టేసింది. ఎవరూ ఏమీ అనలేదు. పెద్ద మాస్టారు మాత్రం టీ గ్లాసు కింద పెట్టి నా వైపు ఒకసారి చూశారు.

తర్వాత వారానికి రెండుసార్లు ఆమె క్లాసులో వెనక కూర్చోవడం మొదలుపెట్టాను. చెప్పినంత తేలిక కాదు. మొదటి రోజు పది నిమిషాలు కూడా ఆగలేక "అలా కాదమ్మా, ముందు బొమ్మ అడుగు" అనేశాను పిల్లల ముందే. ఆమె సుద్దముక్క కింద పెట్టేసింది. ఆ సాయంత్రం సారీ చెప్పాను. ఆ తర్వాత నాకు నేనే ఒక ఏర్పాటు చేసుకున్నాను, క్లాసులో ఉన్నంతసేపూ నోట్‌బుక్‌లో రాయడమే, టీచరు చేసింది కాదు, పిల్లలు చేసింది. ఎవరు వేలు ఎక్కడ పెట్టారు, ఎవరు పక్కవాడి పెదాలు చూసి అంటున్నారు, వెనక బెంచీ పిల్ల ఎన్నిసార్లు నోరు విప్పింది. తర్వాత టీ తాగుతూ ఆ పేజీ ఆమె ముందు పెట్టేదాన్ని. ఏం చెయ్యాలో నేను చెప్పేదాన్ని కాదు. నాలుగో వారంలో ఆమే అడిగింది: "మేడమ్, తెలుగు పిల్లలు క అనే ఎందుకంటారు?" ఆరు నెలల కింద ఇదే సంగతి నేను లెక్చరులా చెప్పుంటే తల ఊపి మర్చిపోయేది. ఇప్పుడు తనకి కావలసి అడిగింది కాబట్టి మర్నాడే బోర్డు మీద రెండు గీతలు గీసి, ఇది మీ ఇంట్లో క, ఇది పుస్తకంలో కొ, రెండూ మనవే, అని ఆట పెట్టింది. "చాలొ" సంగతి కూడా చెప్పాను. నవ్వుతూ కూలబడిపోయింది.

టైంటేబుల్ కూడా మార్చాం. పొద్దున్న ప్రార్థన తర్వాత మొదటి 40 నిమిషాలు 3, 4, 5 తరగతుల్ని తరగతి ప్రకారం కాకుండా చదివే మెట్టు ప్రకారం మూడు గుంపులు చేశాం, అక్షరాల వాళ్లు ఒక చోట, మాటలూ పేరాల వాళ్లు ఒక చోట, కథ చదివేవాళ్లు ఒక చోట. 5వ తరగతి పిల్లాడు 3వ తరగతి వాళ్లతో కూర్చోవడానికి సిగ్గుపడితే వాడికి హాజరు తీసే పని ఇచ్చాం, సిగ్గు పోయింది. ముగ్గురు టీచర్లు కావాలి, ఆ 40 నిమిషాలూ ఎవరూ ఫోన్ తీయకూడదు. అందుకు ముందు నా ఫోన్ బీరువాలో పెట్టాలి. క్లస్టర్ కోఆర్డినేటర్‌కి చెప్పాను, సార్, పదకొండున్నర దాకా నా నుంచి జవాబు రాదు, ఆ తర్వాత అన్నీ ఒకేసారి పంపుతాను అని. భయపడుతూ చెప్పాను. ఆయన "నేను టీచరుగా ఉన్నప్పుడు మా హెడ్ ఇలా చెప్పుంటే బాగుండేది" అన్నాడు. పై ఆఫీసు నుంచి రెండుసార్లు చీవాట్లు పడ్డాయి, పడితే పడ్డాయి.

ఆ మూడు తాళంచెవుల్లో ఒకటి ఫిబ్రవరిలో దేనిదో తెలిసింది. స్టోరు గదిలో అటక మీద ఇనప ట్రంకు. లోపల బొమ్మల కథల పుస్తకాలు, ప్లాస్టిక్ కవరు కూడా విప్పనివి. స్టాకు రిజిస్టర్‌లో ఎక్కాయి, పిల్లల చేతిలోకి ఎప్పుడూ రాలేదు. చిరిగితే ఆడిట్‌లో ఎవరు సమాధానం చెప్పాలి అని ఎవరో భయపడి తాళం వేసుంటారు. ఆ ఎవరో మీద నాకు కోపం రాలేదు, చార్జి తీసుకున్న రోజు ఎలకలు తిన్న బియ్యం దగ్గర కూర్చుని నేను భయపడింది కూడా ఆ లెక్కకే. పుస్తకాలు వరండాలో తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీశాం. మాకు వచ్చే స్కూలు గ్రాంటు ఏడాదికి 50,000, అందులో పది శాతం పరిశుభ్రతకే వాడాలి, మిగతా దాంట్లో చిరిగినవాటికి అంటించే టేపుకీ, రెండు చాపలకీ పెద్ద ఖర్చేం కాలేదు. ఏడాదిలో చాలా పుస్తకాల అట్టలు ఊడాయి. ఎస్‌ఎంసీ, అంటే బడి యాజమాన్య కమిటీ, మీటింగులో తీర్మానం రాయించి చిరిగినట్టు నమోదు చేశాం, అంతే.

ఎస్‌ఎంసీ గురించి ఒక మాట. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు ఉండాలి, సగం ఆడవాళ్లు ఉండాలి. మా పుస్తకంలో ఉన్నారు, సంతకాలూ వేలిముద్రలూ ఉన్నాయి, మనుషులు ఎప్పుడూ రాలేదు. ఉదయం 11 గంటలకి మీటింగు పెడితే జీడితోటకి కూలికి వెళ్లే మనిషి ఎలా వస్తుంది? సాయంత్రం ఐదున్నరకి మార్చాను. మొదటిసారి తొమ్మిది మంది వచ్చారు. ఒక తల్లి కుండ బద్దలుకొట్టినట్టు అడిగింది: "మా గుంట ఇంటికాడ ఒడియా పుస్తకం చదివితే మాకేటి తెలుస్తాది మేడమ్, అది చదువుతుందో, బొమ్మలు చూస్తుందో?" నా దగ్గర జవాబు లేదు. సాన దీదీయే చెప్పింది, తడబడుతూ తెలుగులో, ఒడియాలో చదివింది మీకు తెలుగులో చెప్పమనండి, చెప్పగలిగితే చదివినట్టు. ఆ రోజు నుంచి ఇంటిపని అదే. కథ చదివి అమ్మకి తెలుగులో చెప్పి రావాలి, అమ్మ ఏమందో మర్నాడు క్లాసులో చెప్పాలి. కొన్ని జవాబులు రాసిపెట్టుకున్నాను, ఒక అమ్మ "ఆ నక్క మా మరిదిలాగుంది" అందట.

అన్నయ్య

అక్షరాల గుంపుని ఎవరు తీసుకోవాలన్నది తేలడానికే చాలా రోజులు పట్టింది. నాకు కావలసింది పెద్ద మాస్టారు. ఆయనకి తెలుగూ ఒడియా రెండూ నీళ్లప్రాయం, కొండ ఊళ్లలో చాలా ఏళ్లు పని చేశారు కాబట్టి సవర కూడా బతిమాలేంత వచ్చు. కానీ ఆయన 7, 8 తరగతులకి సోషల్ చెప్తారు. అడిగితే, "ఇన్నేళ్ల సర్వీసు తర్వాత అ ఆలు దిద్దించమంటావా?" అన్నారు. మేడమ్ గారూ పోయి ఏకవచనం వచ్చింది, కోపంలో అయినా అది నాకు నచ్చింది. ఆర్డర్ రాసి ఇవ్వొచ్చు. రాస్తే వస్తారు, వచ్చి కూర్చుంటారు, పిల్లలు కూడా అలాగే కూర్చుంటారు. రాయలేదు.

మా పక్క టీచర్లకి గిడుగు రామమూర్తి గారి పేరు చెప్పడం ఒక అలవాటు, ఏటా ఆగస్టు 29న ఫొటోకి దండ వేసి ఉపన్యాసాలు ఇస్తాం. ఆయన పర్లాకిమిడిలో రాజావారి స్కూల్లో టీచరుగా ఉంటూ, సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారని, సవర పిల్లల కోసం బళ్లు పెట్టించారని, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక రాజమండ్రి వెళ్లిపోయారని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. నాకు ఒక్క సవర వాక్యం రాదు. మా 3వ తరగతిలో ఐదుగురు పిల్లలు ఇంట్లో మాట్లాడేది అదే. దండలు వేస్తూ వేస్తూ ఇన్నేళ్లు గడిపేశాం.

అందుకే ఒక సాయంత్రం ఆయన దగ్గరకి వెళ్లి గుంపు సంగతి ఎత్తకుండా, "అన్నయ్యా, నాకు సవర కొంచెం నేర్పుతారా" అని అడిగాను. ఎనిమిది నెలల తర్వాత ఆ పిలుపు. ఆయన కాసేపు మాట్లాడలేదు. "నీకెందుకు" అన్నారు. ఆ ఐదుగురితో మాట్లాడ్డానికి అన్నాను. మర్నాడు రెండు మాటలు చెప్పారు, తర్వాత రోజు నా పలుకు వినలేక, "నువ్వు అలా పలికితే వాళ్లు నవ్వుతారు, ఆగు, నేనొచ్చి మాట్లాడతాను" అని చాప మీద పిల్లల పక్కన కూర్చున్నారు. మొదట్లో వారానికి ఒక రోజు, తర్వాత మూడు రోజులు. నాకు ఇప్పటికీ సవర రాదు, పది పదిహేను మాటలు తప్ప. ఇది నేను పన్నిన ఉపాయం అని కొందరు మెచ్చుకున్నారు. ఉపాయం కాదు, ఆ రోజు నిజంగానే నేర్చుకోవాలనుకున్నాను, ఆయన తొందరపడ్డారు.

ఎంతవరకు వచ్చింది

2024 మార్చికి ఆ పిల్లలు 4వ తరగతి చివర్లో ఉన్నారు. 27 మందిలో ఇద్దరి కుటుంబాలు పనికి విశాఖ వైపు వెళ్లిపోయాయి. మిగిలిన 25 మందిలో 15 మంది కథ చదివారు, ఆరుగురు పేరా, నలుగురు ఇంకా మాటల దగ్గరో, అంతకంటే కిందో. ఇది మా స్కూలు వరండాలో నేనే చదివించి వేసుకున్న లెక్క, అంతకంటే పెద్ద మాట దీని మీద చెప్పను. పిల్లలు ఎలాగూ రెండేళ్లు పెద్దవాళ్లయ్యారు, బడి రోజూ తెరిచి ఉంది, అదీ పని చేసే ఉంటుంది. మా మార్పుల వాటా ఎంతో విడదీయడం నా వల్ల కాదు.

ఆ నలుగురిలో ముగ్గురు సవర ఇళ్ల పిల్లలు. రాష్ట్రంలో సవరతో సహా కొన్ని గిరిజన భాషల్లో చిన్న తరగతులు చెప్పే బళ్లు ఏళ్ల క్రితమే మొదలయ్యాయి, మా బడి వాటిలో లేదు. పెద్ద మాస్టారు చాప మీద కూర్చోవడం అందుకు బదులు కాదు. ఆ పిల్లలు నవ్వుతున్నారు, రోజూ వస్తున్నారు, చదవడం లేదు. తెలుగు పిల్లలకి దొరికింది వీళ్లకి దొరకలేదు, ఎందుకంటే తెలుగు పిల్లల ఇబ్బంది నాకు ఒంటితో తెలుసు, వీళ్లది తెలియదు.

సాన దీదీ ఇప్పుడు క్లస్టర్ మీటింగులో కొ-క ఆట చూపిస్తోంది. నేను వెనక వరసలో కూర్చుని చూశాను, ఒకచోట తప్పు చెప్పింది, నోరు నొక్కుకున్నాను. నా పీరియడ్లు వారానికి మూడే మిగిలాయి, 8వ తరగతి లెక్కలు, ఆఖరి పీరియడ్. ఆ మూడు మాత్రం ఎవరికీ ఇవ్వను, బియ్యం లారీ వచ్చినా సరే.

పెద్ద మాస్టారు తన 7వ తరగతిలోకి మాత్రం నన్ను రానిచ్చేవారు కాదు. అడిగితే "ఇన్స్పెక్షనా" అనేవారు, నేను తప్పుకునేదాన్ని. మొన్న మార్చిలో, పరీక్షలకి ముందు, ఆ వరండాలోంచి వెళ్తుంటే లోపల వెనక బెంచీ పక్కన ఆఫీసు గదిలోని ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేసి ఉంది. నా వైపు చూడకుండానే బోర్డు మీద మ్యాప్ గీస్తున్నారు. వెళ్లి కూర్చున్నాను. వంశధార గీత మహేంద్రతనయ దాకా వంకరగా వచ్చింది, నది ఎటు పారుతుందో ఒక పిల్లని అడిగారు, అది తప్పు చెప్పింది. నోట్‌బుక్ తెచ్చుకోలేదు, ఖాళీ చేతులతోనే బెల్ కొట్టేదాకా కూర్చున్నాను.